కడబంతి ప్రేక్షకులు

‘‘సార్, మా తాతకు చూపిస్తే ప్రీమియర్ పోతదా?’’

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరి టీ కొట్టు ముందు, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్న ఒక పరిశోధక విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న ఇది. పదిహేనేళ్లుగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాను. కులం మీద జరిగిన సదస్సుల్లో రకరకాల ప్రశ్నలకు జవాబులు చెప్పాను. దీనికి మాత్రం వెంటనే నోరు పెగల్లేదు. ఇల్లు చేరాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దానికి జవాబు వెదికే ప్రయత్నం.

ఆ విద్యార్థిది ఈ మండలంలోనే ఒక ఊరు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ ఊరి మాదిగవాడ. తాత డప్పు కళాకారుడు, ఎనభై దాటిన మనిషి. మనవడు అరువు తెచ్చిన కెమెరాతో రెండేళ్లపాటు తాత చుట్టూ, వాడ చుట్టూ తిరిగి 52 నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. ఒకప్పుడు ఊళ్లో ఎవరు చనిపోయినా కబురు అందగానే డప్పు భుజాన వేసుకొని పోవలసిన వెట్టి. ఇక ఆ పని చేయబోమని వాడంతా ఒక్కమాట మీద నిలబడిన రోజు. ఆ తరువాత పొలాలు ప్లాట్లయి, రాజీవ్ రహదారి పొడవునా రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు వెలిసి, అదే డప్పును పెళ్లి ఊరేగింపులకు కిరాయికి పిలుస్తున్న నేటి కాలం – ఇదీ ఆ చిత్రం నడక. వెట్టి పోయి కిరాయి వచ్చింది. కానీ కిరాయికి వచ్చిన డప్పు నేటికీ వెనక గేటు నుంచే లోపలికి వెళుతుంది. అందరూ తిన్నాకే దానికి అన్నం. ఒక దృశ్యంలో తాత ఆ వెనక గేటు బయట గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటూ ఉంటాడు. లోపలి నుంచి సినిమా పాటలు వినిపిస్తుంటాయి. మాట లేదు, వ్యాఖ్యానం లేదు. నన్ను కదిలించిన దృశ్యం అది.

ఈ చిత్రాన్ని యూరప్‌లో జరిగే ఒక అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవానికి పంపాలన్నది అతని కోరిక. దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాడు. ‘ఈ చిత్రాన్ని ఇంతకుముందు ఎక్కడైనా బహిరంగంగా ప్రదర్శించారా?’ అన్నది ఆ గడి. ప్రదర్శించి ఉంటే పోటీ విభాగానికి అర్హత లేదు. ఉత్సవం నవంబరులో. కానీ, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సాయంత్రం, వాడలో విగ్రహం ముందు తెర కట్టి సినిమా చూపిస్తానని అతడు తాతకు ఎప్పుడో మాట ఇచ్చాడు. ఎనభై దాటిన మనిషికి ఏప్రిల్‌కూ నవంబరుకూ మధ్య ఉన్న దూరం ఎంతో మనం లెక్క కట్టలేం.

గడులు, గడపలు

అంతర్జాతీయ ఉత్సవానికి సినిమా పంపడం ఇవాళ పైకి చాలా సులువైన పని. ఒకప్పుడు ఫిల్ము డబ్బాలు విమానమెక్కాలి. ఇప్పుడు ఫిల్మ్‌ఫ్రీవే వంటి వేదికలో ఖాతా తెరిచి, సంకేతపదంతో రక్షించిన వీడియో లంకె ఒకటి జోడించి మీట నొక్కితే చాలు. 1955లో మొదలైన లైప్‌జిగ్, 1988 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో జరుగుతున్న ‘ఇడ్ఫా’, 1989 నుంచి రెండేళ్లకోసారి జపాన్‌లో జరిగే యమగతా, మన పొరుగున కఠ్మాండూలో 1997 నుంచి నడుస్తున్న ‘ఫిల్మ్ సౌత్ ఏషియా’, ముంబయిలో 1990లో మొదలైన ప్రభుత్వ ఉత్సవం ‘మిఫ్’ – అన్నింటి తలుపులూ అందరికీ తెరిచే ఉన్నట్టు కనిపిస్తాయి.

తలుపు తెరిచి ఉండటం వేరు, గడప దాటగలగడం వేరు. మొదటి గడప రుసుము. చాలా ఉత్సవాలు డాలర్లలోనో యూరోలలోనో కొద్ది పదులు అడుగుతాయి. అడుగు వారికి అది కొద్దే. ఫెలోషిప్పు నెలల తరబడి రాని విద్యార్థికి ఒక్కో దరఖాస్తు ఒక్కో నెల మెస్సు బిల్లుతో పోటీపడుతుంది. గడువు దగ్గరపడే కొద్దీ రుసుము పెరుగుతుంది. అంటే డబ్బు ఆలస్యంగా అందేవాడు ఎక్కువ కట్టాలి. చెల్లించడానికి విదేశీ లావాదేవీలకు పనికివచ్చే కార్డు కావాలి. మా విద్యార్థి దగ్గర అది లేదు. ఎవరి కార్డు మీదనో ఆధారపడాలి.

రెండో గడప దర్శకుని ప్రకటన. ఈ కథ ఎందుకు, మీరే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని రెండు మూడు వందల మాటల్లో ఇంగ్లీషులో రాయాలి. అది ఒక విద్య. నగరాల్లోని మంచి కళాశాలల్లో చదివినవారికి, వర్క్‌షాపులకూ నిధుల వేటకూ అలవాటుపడినవారికి చేతివెన్నతో అబ్బిన విద్య. మా విద్యార్థి రాసుకొచ్చిన మొదటి ప్రతిలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ఆయన మా తాత కాబట్టి తీశాను. దాన్ని చింపి పొడిగించమని నేనే చెప్పాను. ఆ సలహా ఇచ్చినందుకు తరువాత సిగ్గుపడ్డాను. నిజానికి ఎందుకు మీరే అన్న ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

మూడో గడప ప్రీమియర్. ప్రపంచ ప్రీమియర్, అంతర్జాతీయ ప్రీమియర్, ఖండ ప్రీమియర్, దేశ ప్రీమియర్ అని అందులో మెట్లు ఉన్నాయి. ఉత్సవాలకు వాటి కారణాలు వాటికి ఉన్నాయి. ఎవరూ చూడని చిత్రాన్ని తామే ముందు చూపితేనే విలేకరులు వస్తారు, కొనుగోలుదారులు వస్తారు, ఉత్సవానికి పేరు వస్తుంది. సాధారణ చిత్రాల విషయంలో ఇందులో తప్పుపట్టవలసినది పెద్దగా లేదు. కానీ, కులం కింద నలిగిన మనుషుల బతుకును తెరకెక్కించిన చిత్రం విషయంలో ఈ నియమం మనకు బాగా తెలిసిన మరో నియమాన్ని గుర్తుచేస్తుంది. మరొకరు ముందుగా చూసిన చిత్రం ఎంగిలి. ఎంగిలిని పెద్ద పంక్తిలో వడ్డించరు.

మన పల్లెల్లో భోజనాల బంతి సాగే క్రమం అందరికీ తెలుసు. మొదటి బంతి ఎవరిదో, కడబంతి ఎవరిదో ఎవరూ రాసిపెట్టలేదు, కానీ ఎవరూ మరచిపోరు. సినిమా లోకంలోనూ అదే వరుస. ఎవరి ముఖాలు తెర మీద ఉన్నాయో, ఎవరి మాటలు పాత్రల నోళ్లలో ఉన్నాయో, ఎవరి ఇంటి ముంగిట కెమెరా నిలబడిందో వారు ఆ చిత్రాన్ని చూసేది అందరికంటే చివర. ఆమ్‌స్టర్‌డామ్ చూశాక, టొరంటో చూశాక, ఢిల్లీ, ముంబయి చూశాక, ఎప్పుడో ఒకనాడు సెల్‌ఫోనులో లంకె రూపంలో అందుతుంది. అందితే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదని తెలుగు సామెత. వడ్డించేవాడు ఏనాడూ తమవాడు కాని వాళ్ల సంగతి ఆ సామెత చెప్పదు.

జీతం అంటే ఏమిటి?

నాలుగో గడప అందరూ చిన్నదనుకునేది – ఉపశీర్షికలు. తెర అడుగున రెండు వరుసలు, వరుసకు నలభై అక్షరాల లోపు, ఐదారు సెకన్ల ఆయుష్షు. అందులో ఒక కులం చరిత్ర ఇమడాలి. మేము ఇద్దరం మూడు రాత్రులు కూర్చొని ఆ పని చేశాం. ఇంగ్లీషు పీహెచ్‌డీ చేసిన నాకు అంత కష్టమైన అనువాదం ఎన్నడూ ఎదురుకాలేదు.

చిత్రం మొదట్లోనే తాత ‘‘పన్నెండేండ్లకే జీతమున్న’’ అంటాడు. ఒక స్నేహితుడు అంతకుముందు చేసిపెట్టిన ఉపశీర్షికలో ఆ మాట, పన్నెండో ఏట ఉద్యోగంలో చేరి నెలజీతం తీసుకున్నాడనే అర్థం వచ్చేలా ఉంది. తెలంగాణ పల్లెలో జీతముండటం అంటే తండ్రి తీసుకున్న అప్పు కింద కొడుకు దొర పశువుల కొట్టంలో ఏడాదికి ఏడాది బందీ కావడం. ఒక్క మాట మారితే వెట్టి ఉద్యోగమైపోయింది. చూసే విదేశీ ప్రేక్షకునికి అది ఒక పేద బాలుని శ్రమ గాథ. కులం అందులో నుంచి చప్పుడు లేకుండా జారిపోయింది.

ఇంకో చోట నాయనమ్మ, ‘‘ఊర్లెకు పోయొస్త’’ అంటుంది. ఆమె ఉన్నదే ఊళ్లో కదా, మళ్లీ ఊళ్లోకి పోవడమేమిటని మొదటి అనువాదకునికి అనుమానం వచ్చి, బజారుకు వెళ్తున్నానని మార్చాడు. వాడలో పుట్టినవారికి ఆ వాక్యానికి వివరణ అక్కరలేదు. వాడ ఊరికి బయట. ఊరు వేరు, వాడ వేరు. వంద అడుగుల దూరమే అయినా ఊళ్లోకి ‘పోవాలి’. రెండు మాటల్లో మన గ్రామ నిర్మాణమంతా ఉంది. బజారు అనగానే అది కాస్తా మాయమైంది. చివరకు ఊరు, వాడ అన్న మాటలను అలాగే ఉంచి, చిత్రం మొదట్లో రెండు వాక్యాల వివరణ ఇచ్చాం. యూరప్ ప్రేక్షకుడు ఒక జపనీసు మాటనో, ఒక రష్యన్ మాటనో నేర్చుకొని సినిమా చూడగలిగినప్పుడు ‘వాడ’ అన్న మాటను నేర్చుకోలేడా?

బి. నర్సింగరావు తీసిన ‘మా ఊరు’ తెలంగాణ పల్లె బతుకును పట్టిన గొప్ప డాక్యుమెంటరీ. దానికి జాతీయ గౌరవం దక్కింది. ఆ కృషిని తక్కువ చేయడం లేదు. కానీ తెలుగులో ‘మా ఊరు’ వచ్చింది, ‘మా వాడ’ రావలసే ఉంది. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసి అంటరానితనం మీద తెరకెక్కి మాట్లాడారు. అప్పటి నుంచి వెండితెర మన గురించి అప్పుడప్పుడూ మాట్లాడుతూనే ఉంది. మనం మాట్లాడటమే ఆలస్యమైంది.

ఆలస్యమైంది కానీ అసలు జరగలేదని కాదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, బడిముఖం చూడని రైతుకూలీలు, 1990ల చివరి నుంచే వీడియో కెమెరా పట్టారు. బీటీ పత్తితో వరంగల్ రైతులకు జరిగిన నష్టం మీద వారు తీసిన చిత్రం పలు భాషల్లోకి వెళ్లి, ఎన్నో దేశాల్లో చర్చకు కారణమైంది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ వారికి కెమెరా కోణాలు నేర్పబోతే, వారు ఆ కోణాలకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా చూసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. ప్రపంచంలోని ఏ సినిమా పాఠశాల కూడా కెమెరాలోని అధికారాన్ని ఇంత సూటిగా నిర్వచించిందని నేను అనుకోను. అంతర్జాతీయ ఉత్సవాలు చూడవలసింది సంఘం షాటును. వాటికి తరచుగా అందుతున్నది, నచ్చుతున్నది, జాలితో మెత్తబడిన పటేల్ షాటు.

ఇంటి గుట్టు, దేశం పరువు

ఇక దరఖాస్తులో కనిపించని గడప మరొకటి ఉంది. అది రాజ్యం కాపలా కాసే గడప. 2003లో మిఫ్ నిర్వాహకులు భారతీయ చిత్రాలకు మాత్రమే సెన్సారు ధ్రువపత్రం తప్పనిసరి అన్నారు. విదేశీ చిత్రాలకు ఆ షరతు లేదు. దర్శకులు ఏకమై పోరాడితే షరతు వెనక్కి పోయింది. కానీ ఎంపికలో అనేక విమర్శనాత్మక చిత్రాలు రాలిపోయాయి. వాటన్నింటినీ కూడగట్టి 2004 ఫిబ్రవరిలో ముంబయిలోనే ‘వికల్ప్’ పేరుతో పోటీ ఉత్సవం జరిపారు. స్వతంత్ర డాక్యుమెంటరీ ఉద్యమానికి అది ఒక మలుపు.

మన నగరానికి సంబంధించిన అనుభవం ఇంకా చేదుది. 2015 ఆగస్టు తొలి రోజుల్లో ఢిల్లీలో నకుల్ సింగ్ సాహ్నీ చిత్రం ‘ముజఫ్ఫర్‌నగర్ బాకీ హై’ ప్రదర్శనను అడ్డుకున్నారు. దాన్ని నిరసిస్తూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ గళమెత్తింది. ఆ వెనుక ఘర్షణ ఆరోపణలు, విచారణలు, మంత్రుల ఉత్తరాలు, ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల హాస్టల్ బహిష్కరణ, షాప్‌కామ్ దగ్గర వెలసిన ‘వెలివాడ’, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం. ఒక డాక్యుమెంటరీని చూసే హక్కు గురించిన వివాదం ఎంత దూరం వెళ్లగలదో ఈ నగరానికి తెలిసినంతగా మరే నగరానికీ తెలియదు. ఆ షాప్‌కామ్ చుట్టూ అల్లుకున్న విద్యార్థి జీవితంపై పి.ఎన్. రామచంద్ర తీసిన డాక్యుమెంటరీ 2017 జూన్‌లో తిరువనంతపురం అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవానికి ఎంపికైంది. ఉత్సవ చిత్రాలకు మామూలుగా దక్కే సెన్సారు మినహాయింపును కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ మూడు చిత్రాలకు నిరాకరించింది. వాటిలో ఇది ఒకటి. మిగిలిన రెండింటిలో ఒకటి కశ్మీర్ మీద, మరొకటి జేఎన్‌యూ మీద. 2018లో ఆనంద్ పట్వర్ధన్ ‘వివేక్’ ఇడ్ఫాలో అత్యుత్తమ చిత్రంగా నిలిచింది. మరుసటి ఏడాది అదే చిత్రాన్ని అదే తిరువనంతపురంలో చూపడానికి కేరళ హైకోర్టు గడప తొక్కవలసి వచ్చింది.

ధ్రువపత్రం ఉంటే రక్షణ ఉంటుందా? 2024 జనవరి 20న, శామీర్‌పేటకు ఎంతో దూరం లేని సైనిక్‌పురిలో పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ ప్రదర్శనను మధ్యలో ఆపించి, నిర్వాహకులపై కేసు పెట్టారు. ఆ చిత్రానికి ‘యు’ ధ్రువపత్రం ఉంది, జాతీయ పురస్కారం ఉంది, దూరదర్శన్‌లో ప్రసారమైన చరిత్ర ఉంది. తమిళనాడులో పారిశుద్ధ్య కార్మికుల మరణాలపై ‘కక్కూస్’ తీసిన దివ్యభారతిని 2017 జులైలో ఒక పాత కేసులో అరెస్టు చేశారు. ఈ మండలంలోనే ఉన్న నల్సార్ వంటి విశ్వవిద్యాలయాల్లో న్యాయ విద్యార్థులు చదివే తీర్పు ఒకటి ఉంది. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అన్న తమిళ చిత్రం కుల ప్రాతిపదికన రిజర్వేషన్లను విమర్శించింది. దాన్ని ఆపాలని కొందరు కోరితే, ఆందోళనలు చెలరేగుతాయన్న బెదిరింపుతో భావప్రకటనను అణచరాదని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచి తీర్పు. రిజర్వేషన్లను విమర్శించే చిత్రానికి దక్కిన ఆ రక్షణ, కులాన్ని విమర్శించే చిత్రానికి అంతే సులువుగా ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న.

ఇక్కడ మరో మాట తరచుగా వినిపిస్తుంది. మన మురికిని పరాయి దేశాల్లో ఎందుకు ఉతకడం, దేశం పరువేం కావాలి అని. ఈ మాట కొత్తది కాదు. 1930ల్లో లండన్ రౌండ్‌టేబుల్ సమావేశాల్లో అంటరానివారి పక్షాన మాట్లాడినందుకు అంబేడ్కర్ వినని నింద లేదు. అయినా ఆయన ఆగలేదు. 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు సమర్పించిన విజ్ఞాపన ప్రతులు కోరారు. 2001 డర్బన్ సదస్సులో కులాన్ని చర్చకు తేవాలని దళిత సంఘాలు పట్టుబట్టినప్పుడు భారత ప్రభుత్వం అడ్డు నిలిచింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడూ అదే పరువు మాట. ఆ నగరంలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. కులం కూడా వారితోపాటే విమానమెక్కి వెళ్లింది. కులం వీసా తీసుకొని వెళ్లగా లేనిది, కులాన్ని ప్రశ్నించే చిత్రం వెళ్తేనే పరువు పోతుందా?

నిజానికి ఈ సమర్పణకు తెలుగులో ఒక పూర్వరూపం ఉంది. గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ ప్రచురించారు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొరను గుడి లోపల వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి పంపుతాడు. తాను పోలేని చోటికి పోగల ప్రాణి అది. ఇవాళ డాక్యుమెంటరీ చేస్తున్నది ఆ గబ్బిలం పనే. అయితే జాషువా కథానాయకుడు తన మొరను తానే చెప్పుకున్నాడు. గబ్బిలానికి అప్పగించింది మోసే పనిని మాత్రమే. మొరను మార్చే అధికారం దానికి లేదు.

ఈ భేదం ఎందుకు ముఖ్యమో ‘రైటింగ్ విత్ ఫైర్’ ఉదంతం చెబుతుంది. బుందేల్‌ఖండ్‌లో దళిత మహిళలు ప్రధానంగా నడిపే ‘ఖబర్ లహరియా’ పత్రికపై రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ఆ చిత్రం 2021లో సన్‌డాన్స్‌లో పురస్కారాలు గెలిచింది. 2022లో ఆస్కార్‌కు నామినేట్ అయింది. నిడివి చిత్రాల విభాగంలో ఒక భారతీయ డాక్యుమెంటరీకి అది తొలి గౌరవం. ఆస్కార్ వేడుకకు కొద్దిరోజుల ముందు ఖబర్ లహరియా ఒక ప్రకటన చేసింది. చిత్రం కదిలించేదిగా, బలంగా ఉందంటూనే, తమ పనిని ఒకే రాజకీయ పక్షం చుట్టూ తిరిగినట్టు చూపించడం అసంపూర్ణమని పేర్కొంది. దర్శకుల నిజాయితీని నేను శంకించడం లేదు. వారు కళాకారులు, ఎంచుకునే హక్కు వారిది. కానీ, ప్రపంచం చప్పట్లు కొట్టి అలసిన తరువాత గానీ ఆ స్త్రీల మాట వినబడలేదన్నది చేదు వాస్తవం. కడబంతి అంటే ఇదే.

వాడ ఏం చెప్పింది?

మళ్లీ టీ కొట్టు దగ్గరి ప్రశ్నకు వస్తాను. మా విద్యార్థి ఉత్సవ నిర్వాహకులకు ఉత్తరం రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. చిత్రంలో కనిపించిన వారికోసం ఆహ్వానితులతో, తలుపులు మూసి చేసే ప్రదర్శన లెక్కలోకి రాదు. ఎవరైనా వచ్చి చూడగల బహిరంగ ప్రదర్శన అయితే లెక్కలోకి వస్తుంది అని. మూసుకోవడానికి వాడకు గేటు లేదు. గేటులున్నవి వాడ చుట్టూ కొత్తగా వెలసిన విల్లాలకు. విగ్రహం ముందు తెర కడితే ఊరివాళ్లూ వస్తారు, రోడ్డున పోయేవాళ్లూ ఆగుతారు. రావాలనే కదా తెర కట్టేది!

ఏప్రిల్ 14 సాయంత్రం రెండు కరెంటు స్తంభాల మధ్య తెల్ల పంచె కట్టి, అద్దె ప్రొజెక్టరుతో అతడు చిత్రం వేశాడు. నేను వెళ్లాను. తాతను ముందు వరుసలో కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలు కింద, ఆడవాళ్లు అరుగుల మీద. నడుమ ఒకసారి కరెంటు పోయింది, ఎవరూ లేవలేదు. చిత్రం రెండో సగంలో ఒక శవయాత్ర ఉంది. అది మొదలైన పది సెకన్లకు అరుగు మీది ముసలమ్మ ఒకామె పెద్దగా నవ్వింది. ‘‘ఓరి నీ, పీనుగుకు పెండ్లి జేస్తున్నర్రా!’’ అంది. వాడంతా గొల్లుమంది.

జరిగింది ఇది. శవయాత్ర చిత్రీకరించిన రోజు గాలి హోరుకు ధ్వని పాడైంది. ఎడిటింగులో ఇంకో రోజు రికార్డు చేసిన డప్పును దాని మీద పరిచారు. అది పెళ్లి దరువు. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు. ఆ తేడా ఎడిటరుకు తెలియదు. ఇరవైసార్లు ఆ చిత్రం చూసి, డప్పు మీద వ్యాసాలు కూడా రాసిన ఆచార్యుడినైన నాకూ తెలియలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, లైప్‌జిగ్‌లో ఏ జ్యూరీకీ ఎన్నటికీ తెలిసేది కాదు. ఆ చిత్రం బహుమతి గెలిచి ఉన్నా, తాత కులవిద్యను తప్పుగా చెప్పిన చిత్రంగానే గెలిచేది. తాత మాత్రం ఏమీ అనలేదు. మరునాడు పొద్దున డప్పు కాచి, మనవణ్ని రికార్డరు తెమ్మని పిలిచి, చావు దెబ్బ వాయించి ఇచ్చాడు. వాడంతా వద్దనుకొని వదిలేసిన దెబ్బ అది. చాలా ఏళ్ల తరువాత, ఎవరి వెట్టికీ కాక, తన మనవని సినిమా కోసం వాయించాడు.

మా విద్యార్థి ఆ ధ్వనితో చిత్రాన్ని సరిచేసి, నెలాఖరుకు దరఖాస్తు పంపాడు. ప్రీమియర్ గడిని ఖాళీగా వదిలితే ఎవరికీ తెలిసేది కాదని ఒకరిద్దరు స్నేహితులు చెప్పారు. అతడు వదల్లేదు. ప్రపంచ ప్రీమియర్ జరిగిన చోటు అన్న దగ్గర వాడ పేరు, ఊరు పేరు, శామీర్‌పేట మండలం అని రాశాడు. పోటీ విభాగానికి అర్హత లేదని కొద్దిరోజుల్లోనే జవాబు వచ్చింది. ప్రీమియర్ షరతు లేని మరో రెండు ఉత్సవాలకు చిత్రం వెళ్లింది. వాటి నిర్ణయం రావలసి ఉంది. నష్టం నష్టమే, దాన్ని త్యాగమని పొగిడి తేలిక చేయడం నాకు ఇష్టం లేదు. ఆ నష్టం అతడు భరించవలసిన అవసరం లేకుండా చేయడం సాధ్యమే కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

చేయదగినవి

చిత్రంలో ఉన్న సమాజం మధ్య జరిగే తొలి ప్రదర్శనను ప్రీమియర్‌గా లెక్కించబోమని అంతర్జాతీయ ఉత్సవాలు తమ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చాలి. వాడకు గేటు లేదన్న సంగతి వారికి మనం చెప్పాలి. అడిగితే రుసుము మినహాయించే ఉత్సవాలు చాలా ఉన్నాయి. అడగవచ్చునని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. విశ్వవిద్యాలయాలు విద్యార్థుల చిత్రాల దరఖాస్తులకు చిన్న నిధి, చెల్లింపులకు ఒక సంస్థాగత కార్డు ఏర్పాటు చేయడం పెద్ద పని కాదు. సదస్సుల శాలువాలకయ్యే ఖర్చులో అది ఎన్నో వంతు! భాషా శాఖలు, అనువాద శాఖలు వెట్టి, జీతం, వాడ, ఎంగిలి వంటి మాటలకు ఉపశీర్షికల పదకోశం ఒకటి తయారుచేస్తే, అది పరిశోధనా అవుతుంది, పనికీ వస్తుంది.

చాలాచోట్ల అంబేడ్కర్ భవనాలు ఉన్నాయి. వాటిలో నెలకొకసారి డాక్యుమెంటరీ వేసే ఏర్పాటు చేయడానికి తెర, ప్రొజెక్టరు, రక్షణ చాలు. చెన్నైలో పా. రంజిత్ బృందం పి.కె. రోజీ పేరిట నడుపుతున్న ఉత్సవం, 2019లో న్యూయార్క్‌లో జరిగిన దళిత చలనచిత్ర, సాంస్కృతికోత్సవం, మహారాష్ట్రలో సోమనాథ్ వాఘ్మారే ఊరూరా తిరిగి చూపిన ‘భీమా కోరేగావ్’ చిత్రం – ఇవన్నీ వడ్డించే గరిటె మన చేతికి రావచ్చని చెప్పిన ఉదాహరణలు. తెలుగు నేల మీద అటువంటి ఉత్సవం ఒకటి ఎందుకు ఉండకూడదు?

శామీర్‌పేట పరిసరాల్లోని జీనోమ్ వ్యాలీ నుంచి టీకాలు ప్రపంచమంతటికీ వెళ్తాయి. ఇక్కడి నుంచి ఒక వాడ కథ కూడా వెళ్లాలి. వెళ్లే ముందు అది నిజమో కాదో పరీక్షించవలసిన వాళ్లు అరుగుల మీద కూర్చొని ఉన్నారు. మా విద్యార్థికి ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు ఇవ్వగలను. తాతకు చూపిస్తే ప్రీమియర్ పోదు, నాయనా. తాతకు చూపించిందే ప్రీమియర్. ఆ ముసలమ్మ నవ్వే మొదటి తీర్పు.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)